గూఢచారి పక్కగదిలోనే

1940 సెప్టెంబరు మొదటి వారంలో ఒక పొద్దున, ఇంగ్లండ్ దక్షిణ తీరాన లిడ్ అనే ఊళ్లో ఒక యువకుడు పబ్బు తలుపు తట్టి సైడర్ కావాలన్నాడు. పబ్బు తెరిచే వేళ ఇంకా కాలేదు. అప్పట్లో వేళ కాకుండా చుక్క కూడా పోయరని ఆ దేశంలో పెరిగిన ప్రతివాడికీ తెలుసు. ఇతనికి తెలియదు. పబ్బావిడకు అనుమానం తగిలింది, ఆ రోజే పట్టుబడ్డాడు. పేరు కార్ల్ మయర్, జర్మనీ పంపిన గూఢచారి. డిసెంబరులో ఉరి తీశారు.

యుద్ధకాలంలో బ్రిటన్ తీసిన గూఢచారి వేట సినిమాల్లోనూ మనిషిని పట్టించేది ఇలాంటి అలవాట్లే. 1942లో కావల్కాంటి తీసిన ‘వెంట్ ద డే వెల్?’లో బ్రిటిష్ సైనికుల వేషంలో జర్మన్లు ఒక పల్లెలో దిగుతారు. మాట తేడా లేదు, యూనిఫాం సరిగ్గా ఉంది. కానీ వాళ్లు అంకెలు వేసిన కాగితం మీద ఏడుకు నడుమ అడ్డగీత! ఇంగ్లిషువాళ్లు అలా రాయరు. ఆపైన ఒక పిల్లాడి కంటబడ్డ చాక్లెట్ మీద వియన్నా పేరు. ఊరికి అనుమానం పుట్టడానికి ఆ రెండూ చాలాయి.

ఈ కోవలో నాకు బాగా నచ్చేది ఆంథొనీ ఆస్క్విత్ ‘కాటేజ్ టు లెట్’ (1941). ముగింపు చెప్పక తప్పదు. ఎనభై ఏళ్లు దాటిన సినిమా కనుక క్షమించాలి. స్కాట్లండులో ఒక శాస్త్రవేత్త విమానం నుంచి బాంబులు గురిచూసి వేసే పరికరం తయారుచేస్తుంటాడు. ఆయన భార్యకు ఒక పని మీద ధ్యాస నిలవదు. ఒకే కాటేజీని అద్దెకూ ఇస్తుంది, సైనిక ఆసుపత్రికీ ఇస్తుంది, లండన్ నుంచి తరలించిన పిల్లాడికీ ఇస్తుంది. నవ్వుకుంటూ ఉండగానే అనుమానితులంతా ఒక కప్పు కిందికి చేరిపోతారు. అద్దెకు దిగిన డింబుల్‌గా అలస్టైర్ సిమ్: గుడ్లు మిటకరించి చూస్తాడు, అందరి మాటల మీదా ఒక చెవి వేసి ఉంచుతాడు. గాయపడిన పైలట్‌గా జాన్ మిల్స్: అందగాడు, మర్యాదస్తుడు. ఎవరిని అనుమానిస్తామో వేరే చెప్పాలా? తీరా చూస్తే డింబుల్ ప్రభుత్వం మనిషి, పైలట్ శత్రువు మనిషి. మిల్స్‌ను జనం అప్పటికే ధీర నావికుడి వేషంలో చూసి మెచ్చుకున్నారు. ఆ అభిమానాన్నే ఎరగా వేశారు. చివరి వేట సంతలోని అద్దాల గదిలో. మనిషి ఒక్కడే, బొమ్మలు అన్నివైపులా. షెర్లాక్ హోమ్స్ పిచ్చి ఉన్న కుర్రాడిగా జార్జ్ కోల్‌కు ఇదే తొలి చిత్రం. పెద్దలు కొట్టిపారేసినవన్నీ వాడి కళ్లలో పడతాయి, వాడితోపాటు మన కళ్లలోనూ.

థొరొల్డ్ డికిన్సన్ ‘ది నెక్స్ట్ ఆఫ్ కిన్’ (1942)లో గూఢచారి దొరికాడన్న ఊరట కూడా లేదు. సైన్యానికి శిక్షణ చిత్రంగా మొదలై తర్వాత థియేటర్లకు వచ్చింది. ఫ్రెంచి తీరం మీద చేయబోయే దాడి గురించి ఒకరు ఇక్కడో మాట, ఒకరు అక్కడో మాట జారుతారు. జర్మన్లు వాటిని కూడబెట్టుకుంటారు. దాడికి వెళ్లినవాళ్లు ప్రాణాలతో మూల్యం చెల్లిస్తారు. ఆఖరి సన్నివేశంలో రైల్లో ఇద్దరు పెద్దమనుషులు మళ్లీ వాగుతూనే ఉంటారు, గూఢచారి మళ్లీ వింటూనే ఉంటాడు. దొంగ దొరక్కుండానే తెర పడుతుంది. జాగ్రత్త నేర్పడానికి ఇంతకన్నా గట్టి దెబ్బ లేదు.

ఈ భయానికి మరో ముఖమూ ఉంది. ఇంటిదొంగల దండు ఉందని అప్పట్లో దేశమంతా నమ్మింది. అంత దండేమీ లేదు. వచ్చిన ఏజెంట్లను భద్రతా విభాగం దాదాపు అందరినీ పట్టేసి, కొందరిని తనవైపే తిప్పుకుంది. ఈలోగా 1940లో దాదాపు 27 వేలమంది పరదేశీయులను నిర్బంధించారు. వాళ్లలో చాలామంది హిట్లర్ బారినుంచి పారిపోయి వచ్చిన యూదులు. మంచి సినిమాల విలువ ఇక్కడే తేలుతుంది. కావల్కాంటి పల్లెలో ద్రోహి ఊరి పెద్దమనిషే. ఆస్క్విత్ పైలట్ మాటలో పరాయి యాస లేదు. యాసను చూసి మనిషిని అనుమానించే రోజుల్లో ఇలా తీయడానికి తెగువ కావాలి.

ఒక్కటే చూసే తీరిక ఉంటే ‘కాటేజ్ టు లెట్’ చూడండి. రెండోదానికి వీలైతే ‘ది నెక్స్ట్ ఆఫ్ కిన్’.