లోడు పడిన క్షణం

జనరేటర్ కొనడానికి వెళ్ళినవాళ్ళు ఎన్ని కేవీఏ అని అడుగుతారు, ధర అడుగుతారు, చప్పుడు ఎంత చేస్తుందని అడుగుతారు. అడగాల్సినవే. కానీ యంత్రం పనితనం ఆ జవాబుల్లో దొరకదు. ఖాళీగా తిరుగుతున్నంతసేపూ మంచి జనరేటరూ, నాసిరకం జనరేటరూ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. ఒక్కసారిగా బోరు మోటారు వేస్తే మాత్రం ఆ ఒకటి రెండు సెకన్లలోనే దేని సత్తా ఏమిటో తేలిపోతుంది.

విజయవాడ పక్కనే, ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి థర్మల్ స్టేషన్ నడుస్తోంది. నార్ల తాతారావు పేరు పెట్టిన ఆ స్టేషన్ చిమ్నీలు హైదరాబాద్ రోడ్డున వెళ్ళేవాళ్ళకు దూరం నుంచే కనిపిస్తాయి. అయితే అక్కడ పుట్టిన కరెంటు ఇల్లు చేరాలంటే స్తంభాలు నిలబడాలి, సబ్‌స్టేషన్ మునగకూడదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ఊడ్చేసింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్‌నూ చుట్టుపక్కల పేటలనూ ముంచింది. నీళ్ళు నిలిచిన వీధుల్లో రోజుల తరబడి కరెంటు లేదు. మేడ మీద చిక్కుకున్నవాళ్ళకు ట్యాంకు నింపే మోటారు ఆడలేదు, ఫోను చార్జింగుకు దారి లేదు. అది చూశాక ‘ఒక జనరేటర్ కొని పడేస్తే పోలా’ అనిపించడం సహజం.

కొనాలా వద్దా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ముందు ఆ యంత్రాన్ని దగ్గరగా చూడాలి. అందుకు షోరూము కన్నా కైకలూరు, ముదినేపల్లి వైపు రొయ్యల చెరువు గట్టు మంచి చోటు. చెరువులోని నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకు నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ఆ వేళకు కరెంటు పోయి నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే పంట చేజారినట్టే. అందుకే గట్టు మీద డీజిల్ జనరేటర్ పెట్టుకుంటారు. దాని మీద పడే లోడంతా మోటార్లే కాబట్టి ఇంతకన్నా గట్టి పరీక్ష ఉండదు.

మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. కరెంటు పుట్టించే భాగం ఆల్టర్నేటర్. నాలుగు అయస్కాంత పోళ్ళున్న ఆల్టర్నేటర్ ఆ లెక్క అందుకోవాలంటే నిమిషానికి 1500 చుట్లు తిరగాలి. రెండు పోళ్ళదైతే 3000. చిన్న పెట్రోలు సెట్లు చాలావరకు ఈ రెండో రకం. అందుకే చెవులు చిల్లులు పడేలా అరుస్తాయి, తొందరగా అరుగుతాయి. ఒకే సిలిండరున్న ఫోర్‌స్ట్రోక్ ఇంజనులో రెండు చుట్లకు ఒకసారే ఇంధనం మండుతుంది. అంటే 1500 చుట్ల ఇంజనుకు దక్కేవి సెకనుకు పన్నెండున్నర తోపులు. తోపుకూ తోపుకూ మధ్య దాన్ని లాక్కుపోయేది ఫ్లైవీల్ అనే చక్రం బరువే. వెనకటి పెళ్ళిపందిళ్ళలో జనరేటర్ మీద వెలిగే బల్బులు సన్నగా వణికేవి. ఆ వణుకంతా ఫ్లైవీల్ బరువు చాలకపోవడం వల్లే. ఇంగ్లండులోని డర్స్‌లీలో లిస్టర్ కంపెనీ తయారుచేసిన ఇంజను నమూనాతో రాజ్‌కోట్‌లో పోతపోసిన ఆయిల్ ఇంజన్లు నిమిషానికి 650 చుట్లే తిరిగేవి. తోపుల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి వాటికి రెండు పక్కలా అంతంత పెద్ద చక్రాలు పెట్టారు.

ఫ్లైవీల్ వణుకును అణచగలదు గానీ వేగాన్ని నిలబెట్టలేదు. ఆ పని గవర్నర్‌ది. మూత తీసి చూస్తే చాలా చిన్న అమరిక: ఇరుసుతో పాటు తిరిగే రెండు ఇనుప గుండ్లు, ఒక స్ప్రింగు, ఒక లీవరు. వేగం పెరిగితే గుండ్లు రంగులరాట్నం కుర్చీల్లా బయటికి విచ్చుకుంటాయి, లీవరు కదిలి ఫ్యూయల్ పంపులో డీజిలు తగ్గిస్తుంది. వేగం పడితే గుండ్లు ముడుచుకుంటాయి, స్ప్రింగుది పైచేయి అవుతుంది, డీజిలు పెరుగుతుంది. వేగం కొంచెమైనా తగ్గితే తప్ప ఈ గవర్నర్‌కు లోడు పడిందని తెలియదు. అందుకే చేయి తిరిగిన మెకానిక్ ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని 52 హెర్ట్జ్ దగ్గర పెడతాడు. పూర్తి లోడు పడ్డాక అది 50 దగ్గరికి దిగి నిలుస్తుంది. పడిపోయేది ముందే లెక్కగట్టి, ఆ మేరకు ఎత్తులో నిలబెట్టడమన్నమాట.

మోటారు స్విచ్ వేసినప్పుడు ఈ అమరిక పని చూడాలి. నేరుగా లైను మీద వేసిన మోటారు మొదట తన మామూలు కరెంటుకు ఐదు నుంచి ఏడు రెట్లు లాగుతుంది. ఇంజను గొంతు కుంగుతుంది, గొట్టంలోంచి నల్లపొగ ఒకసారి ఉబుకుతుంది. మంచి సెట్టు ఒకసారి కుంగి, లేచి, అక్కడే నిలబడుతుంది. లీవరు పిన్నులు వదులైనా, స్ప్రింగు బిగువు కుదరకపోయినా వేగం ఎగుడుదిగుడుగా ఊగుతూనే ఉంటుంది. మెకానిక్కులు దాన్ని హంటింగ్ అంటారు. ఆ తేడా పట్టుకోవడానికి మీటరు అక్కర్లేదు, చెవి చాలు.

ఇంజనుతో పాటు ఆల్టర్నేటరూ పరీక్షకు నిలబడాలి. కరెంటు అంతగా లాగినప్పుడు వోల్టేజీ కిందికి జారుతుంది. అప్పుడు ఏవీఆర్ అనే చిన్న సర్క్యూట్ ఫీల్డ్ కాయిలుకు మరింత కరెంటు పంపి మళ్ళీ 230కి తేవాలి. కాయిల్లో ఉన్నది రాగా, అల్యూమినియమా? వార్నిష్ చుట్టచుట్టకూ ఇంకిందా, పైపైన పూశారా? డెల్టా చెమ్మగాలిలో పదేళ్ళ మన్నిక వీటి మీదే ఆధారపడి ఉంటుంది. ఇవి బయటికి కనిపించవు గనుక అడిగి, బిల్లు మీద రాయించుకోవాలి.

పైనున్న ఇనుప పెట్టె ఊరికే కప్పు కాదు. కొత్త డీజిల్ సెట్లు మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదన్న నిబంధన 2005 నుంచి ఉంది. చప్పుడు ఆపాలంటే అన్ని వైపులా మూసేయాలి. ఇంజను వేడెక్కకుండా ఉండాలంటే గాలికి దారి వదలాలి. ఈ రెంటికీ పొత్తు కుదిర్చిన తీరు ముచ్చటగా ఉంటుంది. గాలి ఒక పక్క నుంచి వచ్చి, ఫోము అతికించిన మలుపుల్లో తిరిగి, మరో పక్క నుంచి పోతుంది. గాలి మలుపు తిరగగలదు, చప్పుడు చాలావరకు ఆ ఫోములో ఇంకిపోతుంది. ఇంజను కింద రబ్బరు దిమ్మలు, తలుపు అంచుకు రబ్బరు పట్టీ ఉంటాయి. ఆ పట్టీ ఎక్కడైనా తెగి ఉంటే మిగతా శ్రమంతా వృథా.

అన్నిటికన్నా చవకైనది, నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది చేంజోవర్ స్విచ్. లైను, ఆఫ్, జనరేటర్ అని దానికి మూడు స్థానాలు. ఒకదాన్ని పూర్తిగా వదిలితేనే రెండోది అందుకునేలా లోపలి ఇరుసును మలిచారు. రెండూ ఒకేసారి కలపాలన్నా కలవవు. అది లేకుండా ప్లగ్గులోంచి ఇంటికి కరెంటు ఎక్కిస్తే ఏమవుతుందో చూడండి. ఆ 230 వోల్టులు ఎదురు నడిచి వీధి ట్రాన్స్‌ఫార్మర్ చేరి, అవతలి వైపు 11,000 వోల్టులుగా బయటపడగలవు. లైను ఆపి స్తంభం ఎక్కిన లైన్‌మన్ చెయ్యి వేసేది ఆ తీగ మీదే. బ్యాటరీ లేని సోలార్ రూఫ్‌టాప్ కరెంటు పోగానే తనూ ఆగిపోవడానికి కారణం ఇదే. ఎండ దంచుతున్నా కోత సమయంలో అది మిమ్మల్ని ఆదుకోదు.

ఇక లెక్క. డీజిల్ జనరేటర్ సరైన లోడు మీద లీటరుకు మూడు యూనిట్లకు అటూఇటూ ఇస్తుంది, అంటే యూనిట్ ముప్పై రూపాయల పైమాటే. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ళకిచ్చే లైను కరెంటు టారిఫులో పై శ్లాబు కూడా పది రూపాయల లోపే. గంటా రెండు గంటల కోతకు 150 ఏహెచ్ బ్యాటరీతో ఇన్వర్టర్ చాలు. మూడు మామూలు ఫ్యాన్లు, నాలుగు లైట్లు ఐదు గంటల దాకా నడుస్తాయి, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే ఇంచుమించు రెట్టింపు. కాబట్టి మామూలు ఇంటికి ముందు కొనాల్సింది ఇన్వర్టరే. లిఫ్టు, మోటారు ఉన్న అపార్ట్‌మెంటుకూ, ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద మనిషి ఉన్నవాళ్ళకూ, చెరువు రైతుకూ జనరేటర్ తప్పదు.

కొంటే అవసరానికి మించి పెద్దది కొనకూడదు. పది కేవీఏ సెట్టు మీద నాలుగు ఫ్యాన్లు వేస్తే డీజిలు సరిగా మండక లోపలంతా మసి పడుతుంది. సెల్లారులో పెట్టకూడదు, వరద వస్తే ముందు మునిగేది అదే, వరద లేనప్పుడు అక్కడ చేరే పొగ ప్రాణాలు తీస్తుంది. వరద మట్టం కన్నా ఎత్తున, గాలి ఆడే చోట దిమ్మె కట్టించాలి. అన్నిటికన్నా పెద్ద మోటారును ముందు వేసి, మిగతావి తర్వాత వేయాలి. అమ్మేవాణ్ణి మన కళ్ళ ముందే ఖాళీ సెట్టు మీద మోటారు వేయించమని అడగాలి. ఇంటికి తెచ్చాక నెలకోసారి అరగంటైనా లోడు మీద తిప్పాలి, బ్యాటరీ, ఆయిలు చూడాలి. ఆ ఓపిక లేని ఇంట్లో ఎంత చక్కటి గవర్నరైనా తుఫాను రాత్రి పలకదు. అలాంటివాళ్ళు ఆ డబ్బుతో ఇన్వర్టర్‌కు ఇంకో బ్యాటరీ కొనుక్కోవడం మేలు.