ప్లగిన్ దింపడంలోనే ఉంది పనితనం

డెస్క్‌టాప్ అప్లికేషన్‌లోకి ప్లగిన్‌ను ఎక్కించడం తేలిక, దింపడమే కష్టం. విండోస్‌లో లోడ్‌లైబ్రరీ, లినక్స్‌లో డీఎల్‌ఓపెన్ ఫంక్షన్‌ను పిలిస్తే చాలు, ప్లగిన్ కోడ్ అప్లికేషన్ మెమరీలోకి వచ్చేస్తుంది. ఇక రెండింటికీ నడుమ గోడ ఉండదు. ప్లగిన్ తప్పటడుగు వేస్తే అప్లికేషన్ మొత్తం కూలుతుంది.

అందుకే జాగ్రత్త ఎక్కించక ముందే మొదలవ్వాలి. ప్లగిన్‌ను ఏ ఇంటర్‌ఫేస్ వెర్షన్‌కు రాశారో, అది 32 బిట్లదో 64 బిట్లదో చూడాలి. ఫైలుకు పూర్తి పాత్ ఇవ్వాలి. ఒట్టి పేరిస్తే విండోస్ కొన్ని ఫోల్డర్లను వరసగా వెతుకుతుంది. అదే పేరుతో ఎవరో పెట్టిన నకిలీ ఫైలు ముందు దొరకవచ్చు. విండోస్‌లో ప్లగిన్ ఫైలు, అంటే డీఎల్ఎల్, ఎక్కుతూనే నడిచే డీఎల్ఎల్‌మెయిన్ ఫంక్షన్‌లో బరువైన పనులు పెట్టకూడదు. అప్పుడు లోడర్ లాక్ పడి ఉంటుంది కనుక, అక్కడ మరో థ్రెడ్ కోసం ఆగితే డెడ్‌లాక్ ఏర్పడవచ్చు. ప్రారంభ పనులకు విడిగా ఒక ఫంక్షన్ ఉండాలి.

ప్లగిన్ పనిచేస్తున్నంతసేపూ మెనూలు, టైమర్లు, కాల్‌బ్యాక్‌లు, థ్రెడ్లు పుట్టిస్తూనే ఉంటుంది. దింపడానికి విండోస్‌లో ఫ్రీలైబ్రరీ పిలిచినప్పుడల్లా ఆ లైబ్రరీ రిఫరెన్స్ కౌంట్ ఒకటి తగ్గుతుంది. సున్నాకు చేరగానే కోడ్ మెమరీలోంచి పోతుంది. ఆ తర్వాత మిగిలిపోయిన టైమర్ ఒక్కటి మోగినా, లేని కోడ్‌లోకి దూకి అప్లికేషన్ క్రాష్ అవుతుంది. కాబట్టి ప్లగిన్ నమోదు చేసిన ప్రతిదాన్నీ అప్లికేషన్ జాబితాలో రాసుకోవాలి. దింపేటప్పుడు పందిరి విప్పినట్టు, చివర కట్టింది ముందు విప్పాలి. కొత్త పిలుపులు ఆపాలి, నడుస్తున్నవి ముగిసేదాకా ఆగాలి, థ్రెడ్లను నిలిపి, కాల్‌బ్యాక్‌లు తీసేయాలి. ప్లగిన్ కేటాయించుకున్న మెమరీని దాని చేతే విడిపించాలి. లైబ్రరీని వదలడం ఆఖరి పని.

చెత్త సేకరణ (గార్బేజ్ కలెక్షన్) ఉన్న భాషల్లో చిక్కు వేరు. 2019లో వచ్చిన డాట్‌నెట్ కోర్ 3.0 నుంచి, ప్లగిన్ కోడ్‌ను ఎక్కించే అసెంబ్లీలోడ్‌కాంటెక్స్ట్‌ను దింపవచ్చు. కానీ అన్‌లోడ్ పిలవడం ఆరంభం మాత్రమే. ఎక్కడో ఒక స్టాటిక్ వేరియబుల్ ప్లగిన్ ఆబ్జెక్టును పట్టుకుని ఉంటే ఆ కాంటెక్స్ట్ మెమరీలోంచి కదలదు. జావా క్లాస్‌లోడర్ తీరూ ఇదే. ప్రోగ్రామర్ల ఎడిటర్ ఇంటెలిజే ఐడియా 2020.1 నుంచి షరతులకు లోబడిన ప్లగిన్లను రీస్టార్ట్ లేకుండా మారుస్తుంది; మిగతావాటికి రీస్టార్ట్ అడుగుతుంది.

దింపకపోవడం కూడా ఒక పద్ధతే. ఆల్పైన్ లినక్స్ వాడే మసల్ సీ లైబ్రరీలో, డీఎల్‌ఓపెన్‌కు జోడీ అయిన డీఎల్‌క్లోజ్ కోడ్‌ను అసలు తొలగించదు. నమ్మకం లేని ప్లగిన్‌కు వేరే ప్రాసెస్ ఇవ్వడం మేలు. సంగీత సాఫ్ట్‌వేర్ బిట్‌విగ్ స్టూడియో ఆ వీలు కల్పిస్తుంది: ప్లగిన్ కూలినా పాట ప్రాజెక్టు నిలుస్తుంది. ప్రాసెస్‌ల మధ్య డేటా చేరవేసే ఖర్చు దానికి మూల్యం.

ఏ దారి ఎంచుకున్నా, ప్లగిన్‌ను పదేపదే ఎక్కించి దింపుతూ మెమరీ, థ్రెడ్ల సంఖ్య పెరగడం లేదని తేల్చుకున్నాకే విడుదల చేయాలి.