రాసిన పేరు, కొట్టిన పేరు

పాత మిలటరీ కత్తి చేతికొస్తే ఎవరైనా ముందు చదివేది పిడి దగ్గర యాసిడ్‌తో చెక్కిన పేరునే. అక్కడ లండన్ అని కనిపిస్తే ఇక అది లండన్ కత్తే. మా ఇంట్లో కత్తిని మూడు తరాలు అలాగే చదివాయి. ఆ పేరు కత్తి చేసినవాళ్లది కాదు, అమ్మినవాళ్లది.

మా తాతయ్య ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వాల్తేరు దాకా నడిచిన రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి నిమ్‌పురాలో స్థిరపడ్డ కుటుంబం మాది. ఆ రైల్వేకి సొంత వాలంటీర్ పటాలం ఉండేది. 1920 తర్వాత అది ఆగ్జిలరీ ఫోర్సులో కలిసింది. యూరోపియన్లకీ ఆంగ్లో ఇండియన్లకీ తప్ప అందులో చోటు లేదు. 1947లో దాన్ని రద్దు చేశారు. దేశం వదిలి వెళ్తున్న ఒక ఆంగ్లో ఇండియన్ ఫోర్‌మన్ తన తండ్రి కత్తిని తాతయ్య చేతిలో పెట్టి వెళ్లాడు.

“ఒరే, రాసింది తర్వాత చదువుదువుగాని. కొట్టిందేదో ముందు చూడు” అన్నాడు మావయ్య, ఈమధ్య నేను ఆ కత్తి తీసి పేరు చదవబోతుంటే. ఆయనా వర్క్‌షాపులోనే రిటైరయ్యాడు. చక్రాల ఇరుసు ముందుకొస్తే దాని మొహం మీద పంచ్ కొట్టిన నంబరు చూసేదాకా నోరు విప్పని మనిషి.

కత్తిని కిటికీ వెలుతురులో పెట్టి పిడి నుంచి మొదలుపెట్టాం. చేతికి అడ్డుగా మూడు ఉక్కు ఊచలు, వాటి మధ్య కిరీటం కింద వేలాడే బాకా. బ్రిటిష్ రైఫిల్ దళాల ఆఫీసర్లకు 1827 నుంచి ఉన్న గుర్తు అది. మామూలు పదాతి దళం ఆఫీసరు కత్తికి ఆ చోట రాజుగారి పొడి అక్షరాలుంటాయి. కత్తి మీద చెక్కడంలో మాత్రం ఏడో ఎడ్వర్డ్ అక్షరాలు దొరికాయి. అంటే 1901కీ 1910కీ మధ్య తయారైంది. రాజులు మారినప్పుడల్లా అక్షరాలు మారడం మనలాంటివాళ్లకు పెద్ద సాయం.

పిడికి ఆనుకుని ఆరు మొనల నక్షత్రం, దాని నడుమ చిన్న ఇత్తడి బిళ్ల ఉన్నాయి. కత్తి పరీక్షకు నిలిచిందని చెప్పే గుర్తు అది. ఈ నక్షత్రం చూడగానే విల్కిన్సన్ అనేస్తారు చాలామంది. అది తొందరపాటు, అదే నక్షత్రాన్ని ఎందరో తయారీదార్లు వాడుకున్నారు. విల్కిన్సన్‌వాళ్లు 1850ల మధ్య నుంచి తమ మేలు రకం కత్తుల వెన్ను మీద వరస నంబరు కొట్టేవారు. ఆ నంబరును వాళ్ల పాత రిజిస్టర్లలో చూస్తే ఏ ఏడాది కత్తో, చాలాసార్లు మొదట కొన్నదెవరో కూడా తెలుస్తుంది. 2005లో ఆ సంస్థ కత్తుల తయారీ ఆపేసినా రిజిస్టర్ల విలువ తగ్గలేదు.

మా కత్తి వెన్ను మీద నంబరు లేదు. మెత్తటి గుడ్డకు మెషిన్ ఆయిల్ రాసి, ఆ వెన్ను మీదే పిడి మొదట్లో నల్లబడ్డ చోట మావయ్య నెమ్మదిగా తుడిచాడు. భూతద్దం కింద ఒక్కో అక్షరం తేలింది: మోల్. బర్మింగ్‌హామ్‌లో రాబర్ట్ మోల్ అండ్ సన్స్ అని కత్తుల కార్ఖానా ఉండేది. బ్రిటిష్ సైన్యానికీ, ఇక్కడి సైన్యం కోసం ఇండియా స్టోర్స్ శాఖకీ కత్తులు చేసిచ్చింది. 1920ల్లో విల్కిన్సన్‌లో కలిసిపోయింది. ఆఫీసర్ల యూనిఫాంలు కుట్టే దర్జీ కంపెనీలు ఇలాంటి కార్ఖానాల నుంచి కత్తులు తెప్పించి, వాటి మీద తమ పేరు చెక్కించి అమ్ముకునేవి.

చేసినవాళ్ల పేరు ఇలా చాటున పడటం చూస్తే నాకు మన ఉక్కు గుర్తొచ్చింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మనవాళ్లు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారు. 19వ శతాబ్దం మొదట్లో అక్కడికి వెళ్లిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వోయ్‌సీ అలాంటి వర్తకుణ్ణి స్వయంగా చూసి రాశాడు. అలాంటి ఉక్కుతో చేసిన ఇరాన్ కత్తుల మీద అసదుల్లా అన్న కమ్మరి సంతకం బాగా ప్రసిద్ధి. వాటిలో చాలా సంతకాలు తర్వాతివాళ్లు పెట్టుకున్నవే. దొంగ సంతకానికి కూడా అంత గిరాకీ ఉంటే, ఉక్కు తీసిన తెలంగాణ కమ్మరి పేరు నాకు తెలిసి ఏ కత్తి మీదా లేదు. మోల్ కార్ఖానాలో సుత్తి పట్టినవాడి పేరూ మా కత్తి మీద లేదు. యజమాని పేరైనా వెన్ను మీద మిగిలింది.

ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురాలో, మథురాకాటిలో, పాత క్వార్టర్లలో ఇంకా ఇలాంటివి అటకల మీద ఉండే ఉంటాయి. దయచేసి చింతపండుతో, ఇటుక పొడితో తోమకండి, పాలిష్‌వాడికి ఇవ్వకండి. ఒక్కసారి గట్టిగా రుద్దితే వెన్ను మీది అక్షరాలు పోతాయి, మళ్లీ రావు. తోలు ఒర తేమ పట్టి ఇనుమును తింటుంది కాబట్టి కత్తిని బయటకు తీసి, పల్చగా నూనె రాసి విడిగా ఉంచండి. నూరేళ్లు దాటిన వస్తువును సొంతంగా దేశం దాటించడం 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నేరం, విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపాలనుకునేవాళ్లు అది గుర్తుంచుకోండి. అన్నిటికన్నా ముందు వెన్నుకు మంచి వెలుతురులో ఫొటో తీసి పెట్టుకోండి.