పుట్టిన వూరు, మారిన జిల్లా

మన రచయితల జీవితాలు రాసేవారు మొదటి వాక్యంలోనే ఒక పొరపాటు చేస్తున్నారు. ఫలానా వారు ఫలానా జిల్లా ఫలానా గ్రామంలో జన్మించారంటారు. గ్రామం నిజమే, సంవత్సరం నిజమే. ఆ సంవత్సరానికి ఆ జిల్లా మాత్రం పుట్టి వుండదు.

ఇది చిన్న విషయమని నేనూ అనుకునేవాణ్ణి. గిడుగు రామమూర్తి గారు 1863లో గంజాం జిల్లా పర్వతాలపేటలో పుట్టారని ఒక విద్యార్థి వ్యాసంలో రాస్తే, ఎర్ర సిరాతో కొట్టేసి 'శ్రీకాకుళం జిల్లా' అని దిద్దాను. మర్నాడు ఆ కుర్రవాడు కాగితం పట్టుకొచ్చి, "మేస్టారూ, శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో కదండీ?" అన్నాడు. జవాబు లేక, తీసేసిన మార్కు తిరిగి వేశాను.

ఆనాడు పర్వతాలపేట మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో వుండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై, గంజాంలో అధికభాగం అటు పోయింది. ఇటు మిగిలిన ముక్క విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో దానినుంచి శ్రీకాకుళం విడివడింది. వూరు కదలలేదు గాని మూడు జిల్లాలు చూసింది. గిడుగు పంతులుగా పనిచేసిన పర్లాకిమిడి సరిహద్దుకు అవతల పడింది. దానికి నిరసనగా ఆయన డెబ్బై దాటిన వయస్సులో ఆ పట్టణం వదిలి రాజమండ్రి చేరారు.

'శ్రీకాకుళం జిల్లావాడు' అని సరిపెట్టుకుంటే మనకు పోయేది ఒక పేరు మాత్రమే కాదు. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ వచ్చాయి. తెలుగు, ఒడియా, సవర పక్కపక్కన మాట్లాడుకునే గంజాంను చెరిపేస్తే, ఈ కృషి ఒక మహానుభావుడి దయాగుణంగా తేలిపోతుంది. నిజానికి అది ఆ నేలలోంచి వచ్చింది. జనం నోటి మాటకు గౌరవం ఇవ్వాలన్న వాదాన్ని ఆయన పుస్తకాలలోనే నేర్చుకోలేదు, చుట్టూ విన్నాడు.

ఇలాంటివి ఇంకా వున్నాయి. 1919లో కన్నుమూసిన వీరేశలింగం గారిని 'తూర్పు గోదావరి జిల్లా' వాసిని చేస్తున్నాం. ఆ పేరు వచ్చింది 1925లో. ఆయన పుట్టిన 1848లో అసలు గోదావరి జిల్లాయే లేదు. 1859 దాకా అది రాజమండ్రి జిల్లా. బళ్లారి రాఘవ అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టి బళ్లారికి వెళ్ళినట్టు చదువుతాం. ఆయన పుట్టింది 1880లో. అనంతపురం జిల్లా విడివడింది 1882లో. అంటే ఆయన బళ్లారి జిల్లాలోనే పుట్టాడు! ఆ బళ్లారి 1953లో మైసూరుకు పోయింది కాబట్టి మనవాడిని మనవైపే వుంచుకోవాలన్న ఆత్రం ఇందులో వుందేమోనని నా అనుమానం.

నేటి పాఠకుడికి అర్థమయ్యేలా రాయవద్దా అని అడగవచ్చు. రాయాలి, కాని రెండూ రాయాలి. నేటి పేరు ఒక్కటే నమ్ముకుంటే అదీ నిలవదు. గురజాడ పుట్టిన ఎస్. రాయవరం 2022లో విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకు మారింది. పుస్తకాలన్నీ మళ్ళీ తప్పయ్యాయి. పాత రికార్డు వెతికేవాడికి కావలసింది ఆనాటి జిల్లా పేరే.

ఆ జిల్లాలైనా ఎవరి కోసం గీసినవి? శిస్తు వసూలుకు, కలెక్టరు కచేరీ సౌకర్యానికి. రైతుకు వాటితో పనెంత? జమీందారీ గ్రామాలలో వాడికి తెలిసిన ఎల్ల జమీ ఎల్ల. మన జీవితచరిత్రలలో ఆ పేరు అరుదుగా కనిపిస్తుంది.

మా మామ్మ 1931లో పర్లాకిమిడి దగ్గర ఒక పల్లెలో పుట్టింది. మా నాన్నగారు వంశవృక్షంలో ఆమె పేరు కింద 'ఒడిశా' అని రాశారు. "మీకు తోచింది రాసుకోండి. మా అయ్య శిస్తు కట్టింది కిమిడి రాజుగారికి" అనేది. మొన్న ఆ కాగితం దిద్దాను. పర్లాకిమిడి జమీ, గంజాం జిల్లా, మద్రాసు రాజధాని. కింద, నేటి ఒడిశాలో గజపతి జిల్లా. గడి చాలలేదు. చివరి రెండు మాటలు తాతయ్య గడిలోకి పోయాయి.