మర తిప్పే చేతి పనితనం
అమెరికాలో ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) నడిపే ఆటోక్రాస్‌లో, అంటే కోన్ల మధ్య గడియారంతో పోటీపడే కారు పందెంలో, స్ట్రీట్ తరగతుల కార్లకు స్ప్రింగులు కంపెనీవే ఉండాలి. షాక్ అబ్జార్బర్లు మాత్రం మార్చుకోవచ్చు. అందుకే మియాటా లాంటి చిన్న కారులో ఔత్సాహికుడి పనితనం షాక్‌ల సర్దుబాటులో కనబడుతుంది. షాక్ ఎంత గట్టిదైతే కారు అంత వేగమన్నది అపోహ. కోనీ కంపెనీ పసుపు షాక్‌లో మర తిప్పితే మారేది రీబౌండ్, అంటే నొక్కుకున్న షాక్ తిరిగి సాగేటప్పటి నిరోధం. మరీ బిగిస్తే చక్రం కిందికి దిగేలోపే మరో గతుకు వస్తుంది, టైరు పట్టు తప్పుతుంది. తగినంత బిగిస్తే కోన్ల మధ్య కారు చెప్పినట్టు వింటుంది. డ్రైవరు నైపుణ్యమే ముఖ్యం కదా అంటారు. నిజమే, కానీ కారు ప్రతిసారీ ఒకేలా స్పందించకపోతే ఆ నైపుణ్యం పదునెక్కేదెలా? కోన్ తగిలితే 2 సెకన్లు కలిపే ఈ ఆటలో, ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఫలితం రాసిపెట్టుకునే ఓపిక ఖరీదైన షాక్‌కన్నా విలువైనది.