చాకలి గుర్తు

చెన్నైలో మా పేట పేరులోనే బట్టలుతికేవాళ్లున్నారు. ఈస్టిండియా కంపెనీ ఓడల కెక్కించే బట్టను ఉతికి తెల్లబరిచినవాళ్లు కాపురమున్న చోటు గనుక వాషర్‌మెన్‌పేట్ అయింది. తమిళంలో వణ్ణారపేట్టై. నా చిన్నప్పుడు చాకలి అవ్వ మా చొక్కా కాలర్ లోపల నల్లజీడి రసంతో మూడు చుక్కలు, ఒక గీత పెట్టేది. అది మా ఇంటి గుర్తు. వీధిలో పిల్లలందరివీ ఒకే బడి చొక్కాలు, ఒకే కొలతలు. అయినా మాది మాకే వచ్చేది. ఎన్ని ఉతుకులు పడ్డా ఆ మరక పోదు.

ఇప్పుడు నేను చేసే పనిలో ఆ గుర్తు రోజూ కళ్లముందు ఉంటుంది. వీపీఎన్‌లో ప్రొవైడర్ రౌటర్‌కూ కస్టమర్ రౌటర్‌కూ మధ్య రౌటింగ్ కుదర్చడం నా వృత్తి. ఒక బట్టలకొట్టు లోపల 192.168.1.0 వాడతారు, పక్క ఇనుపకొట్టూ అదే వాడుతుంది. రెండింటినీ మోసేది ఒకే ప్రొవైడర్. కలిసిపోకుండా ప్రతి అడ్రసు ముందూ 64 బిట్ల రౌట్ డిస్టింగ్విషర్ తగిలిస్తారు. 32 బిట్ల అడ్రసు 96 బిట్లవుతుంది. ఎరిక్ రోసెన్, యాకొవ్ రెక్టర్ 1999లో ఆర్ఎఫ్‌సీ 2547లో రాసిన పద్ధతి ఇది. 2006లో 4364గా స్థిరపడింది. అయితే డిస్టింగ్విషర్ వేరుచేస్తుందంతే. ఏ ఇంటికి చేర్చాలో చెప్పేది రౌట్ టార్గెట్. అవ్వ ఒక్క గుర్తుతో ఆ రెండు పనులూ చేసేది.

నన్ను బాగా ఏడిపించింది ఇంకో గుర్తు. ఎంసీ రోడ్డులో ఒక బట్టల షాపు, రెండు వీధుల అవతల దాని గోడౌను, నెల్లూరులో ఒక బ్రాంచి. మూడుచోట్లా ప్రొవైడర్‌తో దారులు చెప్పుకునేది బీజీపీలో, మూడింటికీ ఒకటే ఏఎస్ నంబరు (నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య), 65001. నెల్లూరు రౌట్లు షాపుకు రాలేదు. దారిలో తన నంబరే కనబడితే, తను చెప్పిందే తిరిగొచ్చిందనుకుని బీజీపీ పారేస్తుంది మరి. ప్రొవైడర్ వైపు ఏఎస్ ఓవర్‌రైడ్ పెట్టించాను. కస్టమర్ నంబరు చెరిగి, ఆ చోట ప్రొవైడర్ నంబరు పడింది. బిల్లులు కదిలాయి. సంతోషంగా ఇంటికెళ్లాను.

షాపుకూ గోడౌనుకూ మధ్య సొంత లింకుందని, దానిమీద ఓఎస్‌పీఎఫ్ అనే ఇంకో రౌటింగ్ పద్ధతి నడుస్తోందని నాకు తెలుసు. రెండు రౌటర్లలోనూ బీజీపీ నుంచి ఓఎస్‌పీఎఫ్‌కు, అటునుంచి ఇటుకు రౌట్లు పోసింది నేనే. ఒక రాత్రి షాపు స్విచ్ ఆగింది. దాని అడ్రసు చావాలి, చావలేదు. గోడౌను ప్రొవైడర్ దగ్గర విన్నదాన్ని ఓఎస్‌పీఎఫ్‌లో చెప్పింది, షాపు అది కొత్త కబురనుకుని మళ్లీ ప్రొవైడర్‌కు చెప్పింది. ఓఎస్‌పీఎఫ్‌లోకి దిగగానే బీజీపీ దారి అంతా కడుక్కుపోయింది. ట్రేస్‌రౌట్ వేస్తే ప్యాకెట్లు షాపు, గోడౌను, ప్రొవైడర్ రౌటర్ల మధ్యే గిరగిరా తిరిగి చస్తున్నాయి.

మందు సైట్ ఆఫ్ ఆరిజిన్. షాపు నుంచి వచ్చిన ప్రతి రౌటుకూ ప్రొవైడర్ అంచున ఒక గుర్తు పడుతుంది. అదే గుర్తున్న గోడౌను వైపు దాన్ని మళ్లీ పంపరు. ఇంటినుంచి వెళ్లిన బట్ట కొత్తబట్టగా అదే ఇంటికి రాదన్నమాట. దీనికో ఖర్చుంది. సొంత లింకు తెగితే షాపూ గోడౌనూ వీపీఎన్ మీదుగా మాట్లాడుకోలేవు. అది షాపు పెద్దాయనకు విడమరచి చెప్పాను.

"తెగితే గోడౌనుకు నడిచి పోతాంలే తమ్ముడూ, తప్పుడు లెక్క మాత్రం రాకూడదు" అన్నాడాయన.

తెలిసిన లింకే అంత తిప్పలు పెట్టింది గనుక, ఇప్పుడు ఏ కస్టమర్ దగ్గరికెళ్లినా కేబుల్ పట్టకముందే అడుగుతాను: "అన్నా, మీ రెండు చోట్ల మధ్య ఇంకే దారైనా ఉందా? మేడమీద యాంటెన్నాలాంటిది?" చాలామంది లేదంటారు. అయినా మేడ ఎక్కి ఒకసారి చూసొస్తాను.