స్పీకరు ముందు పలక లెక్క

వూఫరుతో పాటు వచ్చే గ్రాఫులో గీత చాలామటుకు సాఫీగా ఉంటుంది. అదే వూఫరును ఇంట్లో చేసిన 20 సెంటీమీటర్ల వెడల్పు పెట్టెలో బిగిస్తే కింది స్థాయి పలచబడి, పాడేవారి గొంతు మరీ ముందుకు వచ్చినట్టు వినిపిస్తుంది. లోపం వూఫరుది కాదు. తయారీదారులు సాధారణంగా చాలా పెద్ద పలకకు బిగించి కొలుస్తారు. ఐఈసీ 60268-5 ప్రమాణం చెప్పే పలక పొడవు 165, వెడల్పు 135 సెంటీమీటర్లు.

100 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం 3.4 మీటర్లు. చిన్న పలక దానికి అడ్డు కాదు; ధ్వని పెట్టెను చుట్టుకొని వెనక్కి కూడా పరుచుకుంటుంది. 5000 హెర్ట్జ్ తరంగం 7 సెంటీమీటర్లే కాబట్టి దానికి ఆ పలకే గోడ, ధ్వని దాదాపు అంతా ముందుకే పోతుంది. ఈ రెండు స్థితుల మధ్య ఎదురుగా కొలిచే స్థాయిలో 6 డెసిబెల్ల తేడా వస్తుంది. దీని పేరు బాఫిల్ స్టెప్. ఈ మార్పు సగానికి వచ్చే చోటును అంచనా వేయడానికి 115ను మీటర్లలోని పలక వెడల్పుతో భాగిస్తారు. 20 సెంటీమీటర్లకు 575 హెర్ట్జ్ వస్తుంది.

అంచుల సంగతి ఇంకా చిక్కు. పలక అంచు దాకా వచ్చిన తరంగానికి అక్కడ ఆధారం పోతుంది. అక్కడ పుట్టే తలకిందులైన చిన్న తరంగం అసలు ధ్వని వెనకే, కాస్త ఆలస్యంగా మైకును చేరుతుంది. 10 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న గుండ్రటి పలక నట్టనడుమ ట్వీటరు పెడితే అన్ని అంచుల నుంచీ ఆలస్యం ఒక్కటే. 1700 హెర్ట్జ్ దగ్గర గుట్ట, 3400 దగ్గర గుంట పడతాయి. ట్వీటరును పక్కకు జరపమనడం అందుకే. ఆర్‌సీఏ పరిశోధకుడు హ్యారీ ఓల్సన్ గోళం, ఘనం, స్తూపం వంటి 12 ఆకారాల పెట్టెలను పోల్చి 1951లో ప్రచురించిన ఫలితాల్లో అన్నిటికన్నా సాఫీ గీత గోళానిదే.

ఇక కొలత. స్పీకరు, మైకు నేలకు 1.2 మీటర్ల ఎత్తున, ఒకదానికొకటి మీటరు దూరంలో ఉన్నాయనుకుందాం. నేల మీద పడి వచ్చే ప్రతిధ్వని 2.6 మీటర్లు తిరిగి, నేరు ధ్వని కంటే సుమారు 4.7 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. అది రాకముందే కొలతను కత్తిరించాలి. అలా కత్తిరిస్తే దాదాపు 215 హెర్ట్జ్ కింద గీతకు అర్థం ఉండదు.

కింది భాగానికి డి. బి. కీల్ 1974లో వివరించిన దగ్గరి కొలత పద్ధతి ఉంది. మైకును కోన్ వ్యాసార్థంలో 0.11 వంతు కంటే దగ్గరగా పెడితే పొరపాటు ఒక డెసిబెల్ లోపే. 6.5 సెంటీమీటర్ల వ్యాసార్థానికి అది 7 మిల్లీమీటర్లు. ఈ కొలత 800 హెర్ట్జ్ వరకు నమ్మదగినది. గది ప్రభావం దాదాపు పడదు, కానీ పలక ప్రభావం కూడా అందులో ఉండదు. సిమ్యులేషన్ అవసరమయ్యేది ఇక్కడే.

ది ఎడ్జ్, వీటుయిక్స్‌క్యాడ్ వంటి ప్రోగ్రాముల్లో పలక కొలతలు, డ్రైవరు స్థానం, మైకు దూరం ఇస్తే అంచుల ప్రభావం గీతగా వస్తుంది. దాన్ని దగ్గరి కొలతకు కలిపి, 300–500 హెర్ట్జ్ మధ్య దూరపు కొలతతో అతకాలి. పోర్టు ఉంటే దాని కొలతను పోర్టు, కోన్ వ్యాసాల నిష్పత్తితో తగ్గించి, ఫేజ్‌తో సహా ముందే కూడాలి. అతుకు పైనా కిందా రెండు గీతలు ఒకే వాలులో కలవకపోతే ఇచ్చిన దూరాలను మొదట అనుమానించాలి.

ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. అసలు పెట్టెలోనే బిగించి మీటరు దూరం నుంచి కొలిచిన గీతకు కూడా సిమ్యులేషన్ కలుపుతారు. ఆ గీతలో పలక ప్రభావం ముందే ఉంది. మళ్ళీ కలిపితే రెండుసార్లు లెక్కపెట్టినట్టు. ట్వీటరుకైతే అదే కొలతల ప్లైవుడ్ ముక్క కోసి, డ్రైవరు అంచును పలకతో సమంగా దించి కొలవడమే మేలు. గుండ్రం చేసిన అంచులను, పొడుచుకొచ్చిన ఫ్రేమును చాలా ప్రోగ్రాములు సరిగా పట్టించుకోవు.

ఇలా వచ్చిన పూర్తి గీత మీదే క్రాసోవరు గీయాలి. వెనక గోడకు దగ్గరగా ఉంచే స్పీకరుకు మాత్రం కింది స్థాయిలో గోడే సాయపడుతుంది. అలాంటప్పుడు బాఫిల్ స్టెప్‌కు 6 డెసిబెల్ల దిద్దుబాటు ఎక్కువ, 3 లేదా 4 సరిపోతాయి.